ఫైర్ సర్వీసా, టౌన్ ప్లానింగా, సేఫ్టీ ఆఫీసరా: విశాఖలో ఏ దారి ఎవరికి నప్పుతుంది

గాజువాక నుంచి ద్వారకానగర్ దాకా ఏ గోడ చూసినా "ఫైర్ అండ్ సేఫ్టీ, ఆరు నెలల్లో ఉద్యోగం" అన్న పోస్టరే కనిపిస్తుంది. ఇంటర్ పాసైన కుర్రాడు, కంచరపాలెం పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసిన అమ్మాయి, వాళ్ల తల్లిదండ్రులు, అందరూ అదేదో ఒకే ఉద్యోగం అనుకుని ఫీజు కట్టేస్తున్నారు. అది ఒకటి కాదు, కనీసం నాలుగు వేర్వేరు ఉద్యోగాలు. నాలుగూ ఒకే చట్టం కింద నడవవు, చదువులు వేరు, పై అధికారులు వేరు, ప్రమాదం జరిగిన రోజు మెడకు చుట్టుకునే కేసులు కూడా వేరు.

వీటిని పోల్చేటప్పుడు అందరూ ముందు జీతం అడుగుతారు. అడగాల్సిందే, కాదనను, కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: ఈ ఉద్యోగంలో నా సంతకం ఏ కాగితం మీద పడుతుంది? తప్పు కనిపిస్తే పని ఆపించే అధికారం నాకు ఉంటుందా, లేక చెప్పి ఊరుకోవడమేనా? ఎవరైనా చనిపోతే పోలీసులు, విచారణ కమిటీ నన్ను ఏమని అడుగుతారు? ఈ మూడింటికి జవాబు తెలియకుండా ఈ రంగంలోకి వచ్చిన పిల్లలు తర్వాత పడే టెన్షన్ చూస్తున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

విశాఖలో ఈ ప్రశ్నలకు బరువు ఎక్కువ. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో మంటలు, 2012 జూన్‌లో స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్ యూనిట్‌లో పేలుడు, 2020 మే 7న తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీక్, 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో కాలిపోయిన బోట్లు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంట్ ఆవిరి అంటుకుని 17 మంది చనిపోవడం. ఈ ఊళ్లో పుట్టిపెరిగిన వాళ్లకు ఇవి పేపర్లో చదివిన సంగతులు కావు, బంధువులో పక్కింటివాళ్లో అందులో ఉంటారు. ఇక్కడ అగ్ని భద్రత ఉద్యోగం చేసేవాళ్లు ఆ కుటుంబాల మధ్యే బతుకుతారు.

ముందు ఫైర్ సర్వీసు సంగతి. మన రాష్ట్రంలో దీని పూర్తి పేరు విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. ఫైర్‌మ్యాన్ పోస్టులను పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు భర్తీ చేస్తుంది. రాతపరీక్షతో పాటు ఎత్తు, ఛాతీ కొలతలు, పరుగు ఉంటాయి. ఆపైన లీడింగ్ ఫైర్‌మ్యాన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్, అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ ఫైర్ ఆఫీసర్, జిల్లా అధికారి, ఇలా మెట్లున్నాయి. నోటిఫికేషన్లు మాత్రం ఏటా రావు. "వచ్చే సంవత్సరం పడుతుందట" అన్న మాట నమ్ముకుని ఖాళీగా కూర్చోవద్దు, ఏదో ఒక పని చేసుకుంటూ ప్రిపేర్ అవ్వండి.

చాలామందికి తెలియనిదేమిటంటే ఈ శాఖకు మంటలార్పడం సగం పనే. మిగతా సగం 1999 నాటి ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీసు చట్టం కింద మంట పుట్టకుండా చూడటం. ఎత్తైన అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, స్కూళ్లలో నిర్ణీత పరిమితి దాటిన వాటన్నిటికీ ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. ప్లాన్ దశలో ప్రొవిజనల్ ఎన్‌ఓసీ, కట్టాక ఆక్యుపెన్సీ ఎన్‌ఓసీ, ఆ తర్వాత రెన్యువల్. ఫైలు మీద తుది నిర్ణయం పై అధికారులదే అయినా, సైటుకు వెళ్లి చూసి ఉన్నదున్నట్టు రాయాల్సింది కింది అధికారి. ఆ రిపోర్టే తర్వాత కోర్టులో మాట్లాడుతుంది.

ఆ తనిఖీ ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడండి. ఒక ఐదంతస్తుల ఆసుపత్రి అనుకుందాం. అధికారి లిఫ్ట్ ఎక్కకుండా మెట్లమీదుగా వెళ్తాడు, ఎందుకంటే చూడాల్సింది ఆ మెట్లనే. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆసుపత్రి మెట్లు రెండు మీటర్ల వెడల్పు ఉండాలి, స్ట్రెచర్ తిరగాలి కదా మరి. ల్యాండింగ్ మీద పాత మంచాలు, ఆక్సిజన్ సిలిండర్లు పేర్చి ఉంటే కాగితం మీది రెండు మీటర్లు నిజంలో ఒక మీటరే. రెండో అంతస్తులో ఎమర్జెన్సీ డోర్‌కు గొలుసు, తాళం. "రాత్రిపూట దొంగలు సార్" అంటారు. హోస్ బాక్స్ తెరిస్తే అందులో చీపురు, ఫినాయిల్ డబ్బా, ఇత్తడి నాజిల్ మాయం. టెర్రస్ మీద హైడ్రంట్ తిప్పితే నీళ్లు ఒక్కసారి ఎగిరి, పది సెకన్లలో సన్నగా జారిపోతాయి. పై చివరి హైడ్రంట్ దగ్గర కూడా చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోల ఒత్తిడి ఉండాలి. కిందికొచ్చి పంప్ రూమ్‌లో ప్యానెల్ చూస్తే ఆటోలో ఉండాల్సిన స్విచ్ మాన్యువల్‌లో ఉంటుంది, పైపుల్లో ఒత్తిడి తగ్గకుండా చూసే చిన్న జాకీ పంపు మాటిమాటికీ తిరిగి కరెంటు బిల్లు వస్తోందని ఎవరో మార్చేశారు. అంటే రాత్రి రెండింటికి మంట లేస్తే, ఎవరో పరుగెత్తి వచ్చి ఆ స్విచ్ తిప్పేదాకా నీళ్లు రావు. ఇదంతా చూసి, మొహమాటపడకుండా రాసి, నోటీసు ఇప్పించి, గడువు దాటాక మళ్లీ వెళ్లి చూడటం ఆ అధికారి విధి. ఒంటి బలం ఉంది కాబట్టి ఫైర్ సర్వీసుకు వెళ్తానంటే సరిపోదు, ఇంత ఓపిగ్గా చూడగలిగే కన్ను కావాలి.

ఇదే పనికి కేంద్రం వైపు నుంచి ఇంకో తలుపు ఉంది. స్టీల్ ప్లాంట్‌లో సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఫైర్ వింగ్ ఉంటుంది. సీఐఎస్‌ఎఫ్ ఫైర్ కానిస్టేబుల్‌కు సైన్స్‌తో ఇంటర్, వయసు 18 నుంచి 23. అందులో ఎన్‌ఓసీల బాధ్యత ఉండదు, దేశంలో ఎక్కడికైనా బదిలీ ఉంటుంది. ఊరు వదలడానికి ఇబ్బంది లేని, వయసు దాటిపోని వాళ్లు దీన్ని ముందు ప్రయత్నించడం మంచిది, ఎందుకంటే ఆ వయసు కిటికీ చాలా చిన్నది.

ఇక రెండో దారి, టౌన్ ప్లానింగ్. బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ అని జనం పిలిచే ఉద్యోగం అసలు ఇదే. జీవీఎంసీలో, అంటే మన విశాఖ కార్పొరేషన్‌లో, వార్డు సచివాలయం స్థాయిలో ప్లానింగ్ సెక్రటరీ, ఆపైన బిల్డింగ్ ఓవర్సీర్, సూపర్‌వైజర్, అసిస్టెంట్ సిటీ ప్లానర్, అలా చీఫ్ సిటీ ప్లానర్ దాకా. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు సివిల్ డిప్లొమా పిల్లలకు ఇది పెద్ద అవకాశమైంది. బీ.ఆర్క్, బీ.ప్లానింగ్ చదివినవాళ్లు పై మెట్ల నుంచి మొదలుపెట్టగలరు, విజయవాడలో ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది, మన ఆంధ్రా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ ఉంది.

పని ఏమిటంటే ప్లాన్‌లో ఉన్నదీ నేలమీద లేచిందీ ఒకటేనా అని చూడటం. సెట్‌బ్యాక్, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీ, వదిలారా, నాలుగంతస్తులకు పర్మిషన్ తీసుకుని ఐదో స్లాబ్ వేస్తున్నారా, సెల్లార్‌లో కార్లు ఉన్నాయా బట్టల గోడౌన్ ఉందా. మంటల సంగతి వచ్చేటప్పటికి ఈ సెట్‌బ్యాక్, ఈ సెల్లారే ప్రాణాలు తీస్తాయి లేదా కాపాడతాయి. చుట్టూ ఖాళీ స్థలం లేకపోతే ఫైర్ ఇంజన్ లోపలికి రాలేదు, ఎన్ని సిలిండర్లు గోడలకు తగిలించినా లాభం ఉండదు. అందుకే నేను టౌన్ ప్లానింగ్‌ను కూడా అగ్ని నివారణ ఉద్యోగం కిందే లెక్కపెడతాను. మన దగ్గర బిల్డర్ కట్టిన దానిలో 10 శాతం విస్తీర్ణాన్ని కార్పొరేషన్‌కు మార్ట్‌గేజ్ చేసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడిపించుకోవాలన్న నిబంధన ఉంది. గట్టిగా వాడితే ఇది చాలా పదునైన ఆయుధం.

ఇబ్బంది ఎక్కడంటే ఒత్తిడి. కార్పొరేటర్ ఫోన్ చేస్తాడు, బిల్డర్ చుట్టరికం కలుపుతాడు. అక్రమ నిర్మాణానికి 452వ సెక్షన్ కింద నోటీసు ఇస్తే కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటారు, ఆ లోపు స్లాబ్ వేసేస్తారు. మిగతావాళ్లు "చూసీ చూడనట్టు పోవయ్యా" అంటారు. డబ్బు ఆశ చూపిస్తారు కూడా, ఆ దారి ఏసీబీ దగ్గర ఆగుతుంది. ఎదుటివాళ్లు పెద్ద గొంతుతో మాట్లాడితే తడబడే స్వభావం ఉన్నవాళ్లకు ఇది నరకం. అదే సమయంలో, ఇంటికి దగ్గర్లో, పగటి పూట పని, ప్రభుత్వ భద్రత కావాలనుకునే సివిల్ డిప్లొమా వాళ్లకు ఇంతకు మించింది నాకు కనపడదు. ఒకటే షరతు: సైటుకు వెళ్లిన ప్రతిసారీ తేదీతో ఫోటో, ఆఫీసు ఫైల్లో నోట్, ఇచ్చిన నోటీసు కాపీ. పై అధికారి చర్య తీసుకోకపోయినా మీరు చూసి చెప్పారన్న ఆధారం ఉండాలి.

ఈ పక్కనే ఇంకో చిన్న దారి ఉంది, లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్. అందరూ ఎల్‌టీపీ అంటారు. ప్లాన్లు గీసి ఆన్‌లైన్‌లో పెట్టేది వీళ్లే. సెల్ఫ్ సర్టిఫికేషన్, అంటే ప్లాన్ నిబంధనల ప్రకారమే ఉందని వీళ్లే ధ్రువీకరించే పద్ధతి, పెరిగేకొద్దీ ప్రభుత్వ ఇంజనీరు సంతకం ఉన్న చోట ఇప్పుడు వీళ్ల సంతకం పడుతోంది. సంపాదన బాగుంటుంది. కానీ కొలత తప్పు చూపి సంతకం పెడితే లైసెన్సు పోతుంది, కేసూ పడుతుంది, వెనక నిలబడటానికి శాఖ ఉండదు. పదేళ్లు సైట్లు తిరిగాక తీసుకోవాల్సిన దారి ఇది, కాలేజీ నుంచి బయటికొచ్చిన వెంటనే కాదు.

మూడోది ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్. దీని గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే పోస్టులు తక్కువ, ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి, ఇంజనీరింగ్ డిగ్రీ తప్పనిసరి. ఇన్నాళ్లూ 1948 ఫ్యాక్టరీల చట్టం కింద పనిచేశారు, అందులో 38వ సెక్షన్ అచ్చంగా అగ్ని జాగ్రత్తల గురించే. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు పదవి పేరే "ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్" అయింది, ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో కంప్యూటర్ ఎంపిక చేసే పద్ధతి వచ్చింది. అధికారం మాత్రం ఈ నాలుగింటిలో పెద్దది, రియాక్టర్ ఆపించగలరు, ప్రాసిక్యూషన్ వేయగలరు. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, పరవాడ, అచ్యుతాపురం లాంటి చోట్ల నిజంగా ఏదైనా మార్చాలన్న పట్టుదల ఉన్నవాళ్లు దీనికి ప్రిపేర్ అవ్వాలి. మనకు అలాంటివాళ్ల అవసరం చాలా ఉంది.

నాలుగోది, మన ఊరి పిల్లలు ఎక్కువగా వెళ్లేది, ప్రైవేటు సేఫ్టీ ఆఫీసర్. ఇక్కడే ఎక్కువ మోసపోతున్నారు కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

చట్టం ప్రకారం సేఫ్టీ ఆఫీసర్ అంటే ఎవరో స్పష్టంగా ఉంది. పాత చట్టంలో వెయ్యి మంది కార్మికులు దాటితేనో, ప్రమాదకర ప్రక్రియలని ప్రభుత్వం చెప్పిన చోటో తప్పనిసరి. కొత్త కోడ్‌లో ఫ్యాక్టరీకి 500 మంది, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250, భవన నిర్మాణ పనుల్లో 250 ఉంటే పెట్టాల్సిందే. అంటే డిమాండ్ పెరుగుతుంది. కానీ ఆ పోస్టుకు డిగ్రీ లేదా డిప్లొమా, దానిపైన అనుభవం, ఆపైన ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా కావాలి. చెన్నైలోని రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట చేసే అడ్వాన్స్‌డ్ డిప్లొమాకు దేశమంతా విలువుంది. పోస్టర్లలో కనిపించే ఆరు నెలల సర్టిఫికెట్లతో ఎక్కువగా దొరికేది సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం కాదు, ప్లాంటు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ పనుల్లో ఫైర్ వాచ్ (నిప్పు పని దగ్గర కాపలా), హోల్ వాచ్ (ట్యాంకు లాంటి ఇరుకు చోట్ల లోపలికి దిగినవాళ్లకు బయట కాపలా). అవీ గౌరవమైన పనులే, రిఫైనరీ షట్‌డౌన్‌లో నిజాయితీగా నిలబడే ఫైర్ వాచ్ ఎంతమందిని కాపాడతాడో చెప్పలేం. కానీ ఆ పనికి లక్ష రూపాయల ఫీజు అవసరం లేదు. నెబోష్ అనే సేఫ్టీ సర్టిఫికెట్ మరో రకం, అది బ్రిటన్‌ది, గల్ఫ్ కంపెనీలు అడుగుతాయి. సౌదీ, ఖతార్ వెళ్లాలనుకుంటే తీసుకోండి, ఇక్కడి చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అదొక్కటే చాలదు.

అధికారం సంగతి. నిబంధనల్లో సేఫ్టీ ఆఫీసర్ పని యాజమాన్యానికి సలహా ఇవ్వడం, సహాయం చేయడం అనే ఉంది. అసలు బాధ్యత ఆక్యుపైయర్‌ది (ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్నవాళ్లది), మేనేజర్‌ది. చదవడానికి ఇది ఊరటగా ఉంటుంది. నిజంలో ఏమవుతుందంటే, వెల్డింగ్ లాంటి నిప్పు పనులకు ఇచ్చే హాట్ వర్క్ పర్మిట్ మీద మీ సంతకం ఉంటుంది. రాత్రి షిఫ్టులో సాల్వెంట్ ట్యాంకు పక్కన వెల్డింగ్ చేయాలి, ప్రొడక్షన్ వాళ్లు తొందరపెడతారు. మీరు గ్యాస్ డిటెక్టర్ పట్టుకుని వెళ్లి, రీడింగ్ సున్నా చూపిస్తోందా, డ్రెయిన్ మూతలు కప్పారా, ఫైర్ బ్లాంకెట్ పరిచారా, ఎక్స్‌టింగ్విషర్ సూది పచ్చలోనే ఉందా అని చూసుకుని అప్పుడు రాయాలి. పని అయిపోయాక కూడా కనీసం అరగంట ఫైర్ వాచ్ అక్కడే ఉండాలి, ఎందుకంటే నిప్పురవ్వ ఎక్కడో ఇన్సులేషన్‌లో దాక్కుని తర్వాత రాజుకుంటుంది. ఇది చేయకుండా ఆఫీసు టేబుల్ మీద పది పర్మిట్లకు ఒకేసారి సంతకాలు పెట్టించే చోట్లు ఉన్నాయి. మా బంధువుల అబ్బాయి ఒక కంపెనీలో అలా పెట్టనన్నందుకు కాంట్రాక్టరు మరుసటి నెల నుంచి రావొద్దన్నాడు. ఆ అబ్బాయి చేసింది సరైన పని, ఇంకోచోట ఉద్యోగం దొరికింది కూడా, కానీ మధ్యలో ఇంట్లో పడిన ఇబ్బంది తక్కువేం కాదు. ఈ దారి ఎంచుకునేవాళ్లు రెండు మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోవాలని నేను గట్టిగా చెప్తాను. వద్దు అనగలగాలంటే అది ఉండాలి.

ఇంకో మాట, అడిగి తేల్చుకోవాల్సింది. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునేది కంపెనీయా, కాంట్రాక్టరా? పని నిలిపివేసే అధికారం మీకు రాతపూర్వకంగా ఇస్తారా? కొన్ని మంచి కంపెనీలు సేఫ్టీ ఆఫీసర్‌కు పని ఆపే అధికారం ఉందని పాలసీలోనే రాస్తాయి. రాయని చోట, మీరు చెప్పిన ప్రతి లోపం మెయిల్‌లో ఉండాలి, నోటిమాటగా కాదు.

ఇప్పుడు కేసుల సంగతి. నిర్లక్ష్యం వల్ల మరణం అనేది భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్, ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఇది యజమానులకే అనుకోవద్దు. 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది చనిపోయిన కేసులో, 2007లో ట్రయల్ కోర్టు యజమానులతో పాటు ఫైర్, మున్సిపల్, విద్యుత్ సిబ్బందిని కూడా దోషులుగా తేల్చింది. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల తర్వాత టౌన్ ప్లానింగ్ అధికారిని, ఫైర్ అధికారిని అరెస్టు చేశారు, ఆ గేమ్ జోన్‌కు ఫైర్ ఎన్‌ఓసీయే లేదు. మన దగ్గర ఎల్జీ పాలిమర్స్ తర్వాత కంపెనీ పెద్దల అరెస్టులతో పాటు ఫ్యాక్టరీల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి అధికారుల సస్పెన్షన్లు చూశాం. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు పోయినప్పుడు ఇంజనీర్లు సస్పెండ్ అయ్యారు. ఈ ఘటనలన్నిటి తర్వాత విచారణ తిరిగేది దాదాపు ఒకే చోట: ఎవరు చూశారు, ఏం రాశారు, ఆ తర్వాత ఏం చేశారు.

దీన్ని బట్టి నా సలహా. ఇంటర్ మాత్రమే అయి, వయసు 23 లోపు, ఒంట్లో ఓపిక ఉంటే సీఐఎస్‌ఎఫ్ ఫైర్, రాష్ట్ర ఫైర్‌మ్యాన్, రెండింటికీ కలిపి చదవండి, ప్రైవేటు కోర్సుకు డబ్బు పోయొద్దు. సివిల్ డిప్లొమా ఉంటే టౌన్ ప్లానింగ్, కానీ ఇంటికొచ్చి కూడా ఫోన్లో పలకాల్సి వచ్చే ఒత్తిడి తట్టుకోగలరా అని ముందు తేల్చుకోండి. మెకానికల్, కెమికల్ డిప్లొమానో డిగ్రీనో ఉన్నవాళ్లు నేరుగా సేఫ్టీలోకి దూకకుండా ముందు రెండేళ్లు ప్రొడక్షన్‌లోనో మెయింటెనెన్స్‌లోనో చేయండి. మెషిన్ తెలియని సేఫ్టీ ఆఫీసర్ మాట ఆపరేటర్ వినడు. ఆ తర్వాత గుర్తింపు ఉన్న డిప్లొమా చేయండి. ఇంటర్ ఎంపీసీ దశలోనే ఈ రంగం మీద ఇష్టం ఏర్పడ్డవాళ్లకు నాగ్‌పూర్ నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీలో ఫైర్ ఇంజనీరింగ్, కొచ్చిన్ యూనివర్సిటీ కుసాట్‌లో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజనీరింగ్ ఉన్నాయి. ఈ రెండింటిలో సీటొస్తే ఆలోచించకుండా వెళ్లండి, ప్రభుత్వం వైపూ ప్రైవేటు వైపూ తలుపులు తెరిచే ఉంటాయి.

ఇప్పటికే ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో చేరబోతున్నవాళ్లు ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. మీ సర్టిఫికెట్‌ను ఏ ప్రభుత్వ బోర్డు ఇస్తుంది, చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అది చెల్లుతుందా అని కాగితం మీద రాసి సంతకంతో ఇమ్మనండి. ఇస్తే ఆ కాగితం పట్టుకుని ఫ్యాక్టరీల శాఖ ఆఫీసుకు వెళ్లి నిజమేనా అని అడగండి. ఇవ్వడానికి నీళ్లు నములుతుంటే ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని, సూర్యాబాగ్ ఫైర్ స్టేషన్‌కు వెళ్లి డ్యూటీలో ఉన్నవాళ్లతో ఓ అరగంట మాట్లాడండి. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో అయితే వాళ్లే పిలిచి పరికరాలు చేతికిచ్చి చూపిస్తారు.